కుడివైపు కింది మూల

పోయిన నెల మా తమ్ముడి మనవరాలు సుజాత గుంటూరు వచ్చి ఒక రేకు పెట్టె నా మంచం పక్కన పెట్టింది. పిడుగురాళ్లలో మా పాత ఇంటి వెనక భాగం పడగొడుతుంటే అటక మీద దొరికిందట. తుప్పు పట్టిన గొళ్లేన్ని స్క్రూడ్రైవరుతో లేపి మూత తీసింది. లోపల మా నాయన సున్నపు బట్టీ చీటీలు, ఎవరివో తెలియని రెండు జాతకాలు, పురుగు కొట్టిన పట్టు పంచె ముక్క, అన్నిటికీ అడుగున ఒక గుడ్డలో చుట్టి నా చదువు కాగితాలు ఉన్నాయి. ఆ పిల్ల ఈ ఏడే బీఎస్సీ ముగించింది. ఎమ్మెస్సీకి దరఖాస్తు పెట్టావా అని అడిగితే, మూడు యూనివర్సిటీలకు పెట్టానంది. ఎప్పుడు పెట్టావమ్మా అంటే, మొన్న బస్సులో వస్తూ ఫోన్లో పెట్టేశాను తాతయ్యా అంది. నాకు నవ్వొచ్చింది. నేను పెట్టింది ఒక్కటే దరఖాస్తు. దాని కోసం తిరిగిన ఒక రోజు నాకు ఇప్పటికీ తెమలలేదు.

మా ఇంట్లో ఏ వస్తువు ముట్టుకున్నా వేలికి సున్నం అంటేది. ఊరి బయట మా నాయనకు రెండు బట్టీలు ఉండేవి. ఒక వరస తుమ్మ మొద్దులు, ఒక వరస రాయి, మళ్లీ మొద్దులు, మళ్లీ రాయి, అలా పేర్చి నిప్పు పెడితే రోజుల తరబడి కాలేది. కాలిన రాయి మీద నీళ్లు చల్లినప్పుడు బుసబుసమని ఆవిరి లేచి ఒక వాసన వచ్చేది. ఎండిన నేల మీద మొదటి వాన పడ్డప్పటి వాసనకు గొంతు మండించే గుణం కలిస్తే ఎలా ఉంటుందో అలా ఉండేది. మా నాయన పని నుంచి రాగానే చేతులు కడుక్కునేవాడు కాదు. ముందు పొడి గుడ్డతో దులుపుకుని, ఆముదం పట్టించుకుని, కాసేపు అరుగు మీద కూర్చుని, ఆ తరువాతే నీళ్లు ముట్టుకునేవాడు. తొందరపడి నీళ్లు పోసుకుంటే చర్మం ఊడి వచ్చేది. ఆ కాసేపు ఆయనతో ఎవరం మాట్లాడేవాళ్లం కాదు. అప్పటికే ఆయనకు దగ్గు పట్టుకుంది. జొన్నన్నం ముద్ద నోట్లో పెట్టుకుని దగ్గు వచ్చి అలాగే ఆగిపోవడం నాకు బాగా గుర్తు.

మా నాయనమ్మకు సున్నం వేరే విధంగా కావాలి. ఆమెకు ఒక ఇత్తడి సున్నపుకాయ ఉండేది, అందులో మా బట్టీ సున్నమే. గుంటూరులో అమ్మే సున్నం ఆమె దృష్టిలో బూడిద. మంచి రాయి చూసి, తెల్లగా కాలినదాన్ని విడిగా తీయించి, నీళ్లు పోసి, పలచటి గుడ్డలో వడగట్టి తనే తయారు చేసుకునేది. తెల్లవారి పొయ్యి అంటించడానికి ముందు ఒక ఆకు వక్క, అన్నం తిన్నాక ఒకటి, ఎవరైనా వస్తే ఒకటి, ఎవరూ రాకపోతే తోచక ఒకటి. కుడి చెయ్యి చూపుడు వేలి చివర ఎప్పుడూ తెల్లగానే ఉండేది. చిన్నప్పుడు నా బుగ్గ గిల్లితే ఆ మచ్చ పడేది, బడిలో పిల్లలు ఎగతాళి చేసేవాళ్లు.

ఆమెకు చదువు రాదు గాని కాగితమంటే భక్తి. ఇంట్లోకి ఏ ముఖ్యమైన కాగితం వచ్చినా, ఇంట్లో నుంచి పోయినా, దాని నాలుగు మూలలా పసుపు పెట్టాల్సిందే. పెళ్లి శుభలేఖలకు అందరూ పెడతారు. ఆమె అక్కడితో ఆగేది కాదు. పొలం దస్తావేజుకు పెట్టింది, యుద్ధం రోజుల్లో వచ్చిన రేషను కార్డుకు పెట్టింది, నా మొదటి వాచకానికి పెట్టింది, ఎస్సెల్సీ హాల్ టికెట్టుకు పెట్టింది. నేను ప్యాసైన ప్రతిసారీ సగం ఘనత ఆమె పసుపుదే. గుంటూరు కాలేజీలో నా పుస్తకం మూలలు చూసి ఇదేమి పెళ్లి పుస్తకమా అని స్నేహితులు అడిగితే, నేనూ వాళ్లతో కలిసి నవ్వేసేవాణ్ణి. ఆ నవ్వులో కొంచెం సిగ్గు ఉండేదని ఒప్పుకోవాలి.

బీఎస్సీ అయ్యాక ఎమ్మెస్సీ అనే మాట మా ఇంట్లోకి తెచ్చింది జోసెఫు మాస్టారు. మిషను బడిలో పాఠాలు చెప్పేవాడు, నాకు ఇంగ్లీషు ఓనమాలు దిద్దించింది ఆయనే. వాల్తేరు యూనివర్సిటీలో కెమిస్ట్రీకి కొద్ది సీట్లే ఉంటాయని, నా మార్కులకు రావచ్చని మా నాయనతో చెప్పాడు. మా నాయన ఆముదం రాసుకుంటూ అంతా విని, "రాయి కాలిస్తే సున్నం అయిద్ది. నీళ్లు పోస్తే విరుగుద్ది. ఇది తెలుసుకోడానికి వాల్తేరు దాకా పోవాలంటయ్యా మాస్టారూ?" అన్నాడు. మాస్టారు నవ్వి, "ఎందుకు విరుగుద్దో అక్కడ చెప్తారు బావా" అన్నాడు. మా నాయన ఆముదం గిన్నె పక్కన పెట్టాడు. చివరికి నా వైపు తిరిగి, "ఈ ఒక్క ఏడు చూస్తాను. సీటొస్తే పో. రాకపోతే దసరా నాటికి బట్టీ కాడ నిలబడు. నా వల్ల కావట్లా" అన్నాడు. చివరి మాట అనేటప్పుడు దగ్గు కూడా రాలేదు. కావట్లేదని ఆయన నోటితో అనడం అదే మొదలు, అందుకే నేను ఎదురు చెప్పలేకపోయాను. నాకున్నది ఒక్క ఏడు, ఒక్క దరఖాస్తు.

దరఖాస్తు ఫారం కోసం నా చిరునామా రాసి, స్టాంపు అంటించిన కవరు పంపాము. అది తిరిగి రావడం ఆలస్యమైంది. కాగితం కరువు రోజులు కదా, ఫారం పల్చగా గోధుమరంగులో ఉంది, సిరా పెడితే అవతలికి దిగేది. తప్పు పోతే రెండోది తెప్పించుకునే వ్యవధి లేదు. అందుకని మాస్టారు ముందు పలక మీద రాయించి, దిద్ది, ఆ తరువాతే ఫారం మీద కలం పెట్టనిచ్చాడు. తండ్రి వృత్తి అన్న చోట నేను సున్నం వర్తకుడని ఇంగ్లీషులో గొప్పగా రాయబోయాను. ఏం రాస్తున్నావని మా నాయన అడిగాడు. చెప్పాను. "వర్తకుడేందిరా, కాల్చేవాణ్ణని రాయి" అన్నాడు. అలాగే రాశాను. డిగ్రీ పత్రానికి, మార్కుల పత్రానికి మూడేసి నకళ్లు కావాలి. మా ఊళ్లో టైపు మిషను లేదు. మాస్టారు ముత్యాల్లాంటి రాతతో రెండు సాయంత్రాలు కూర్చుని నకళ్లన్నీ రాశాడు. ఇక వాటి మీద గెజిటెడ్ ఆఫీసరు సంతకం పెట్టాలి. అలాంటి ఆఫీసరు మాకు దగ్గరలో ఉన్నది గురజాలలో. పొద్దున మాచర్ల వైపు పోయే రైలెక్కి గురజాల పోవాలి, సంతకాలు పెట్టించుకుని అక్కడే రిజిస్టరు పోస్టు చేయాలి, సాయంత్రం రైలుకు తిరిగి రావాలి. ఆ రోజు దాటితే దరఖాస్తు గడువులోగా వాల్తేరు చేరదు.

ఆ పొద్దున నేను స్నానం చేసి వచ్చేసరికి నాయనమ్మ కాగితాల మూట దేవుడి పటం ముందు నుంచి తీసి, గుడ్డ ముడి వేసి, గుమ్మంలో నిలబడి ఉంది. ఇంకో చేతిలో జొన్నరొట్టె, గోంగూర పచ్చడి కట్టిన చిన్న మూట. "ఒరే కోటయ్యా, ఇయ్యాల శుక్రవారం, మంచి రోజు. కుడి కాలు ముందు పెట్టి పో. దొరగారితో మెల్లగా మాట్లాడు, నీకు నోటి దురుసు చానా" అంది. దవడన ఆకు వక్క ఉంది. రైలు కూత వినబడుతోంది. నేను మూట విప్పి చూసుకోకుండానే పరుగెత్తాను.

గురజాలలో ఆఫీసరుగారి బంగళా వసారాలో ఒక గుమాస్తా బల్ల వేసుకుని కూర్చున్నాడు. మూట విప్పి అతని ముందు పెట్టాను. అప్పుడు చూశాను. మార్కుల పత్రానికి మూడు మూలలు పచ్చగా ఉన్నాయి. కుడివైపు కింది మూల మాత్రం ఎర్రగా ఉంది. సరిగ్గా అక్కడే నా కెమిస్ట్రీ మార్కు ఉంది. అంకె కనబడుతోంది గాని ఎరుపులో మునిగి కనబడుతోంది. గుమాస్తా కళ్లజోడు సర్దుకుని, "ఏందయ్యా ఇది, ఎర్రసిరా? మార్కు మీద దిద్దినట్టుందే" అన్నాడు. కాదండీ పసుపు అన్నాను. "పసుపు పచ్చగుంటది గదా. ఇది ఎర్రగుంది. ఇట్టాంటిది నేను లోపలికి పంపితే దొరగారు ముందు నన్నంటారు" అని కాగితాలు నా వైపు నెట్టేశాడు. ఎంత బతిమాలినా వినలేదు. దొరగారు క్యాంపుకు పోతున్నారు, మధ్యాహ్నం దాటాక వస్తారు, కావాలంటే ఉండి నువ్వే చెప్పుకో అన్నాడు.

ఉన్నాను. వసారాలో మెట్టు మీద కూర్చుని ఆ ఎర్ర మూలనే చూస్తూ ఉన్నాను. ఏం జరిగిందో తెలియక కాదు. నాయనమ్మ మూడు మూలలకు పసుపు పెట్టి, మధ్యలో ఆకుకు సున్నం రాసుకుని, ఆ వేలితోనే నాలుగో మూల పెట్టింది. పసుపు, సున్నం కలిస్తే ఎరుపు అవుతుందని మా ఇంట్లో పిల్లలకు కూడా తెలుసు. దిష్టి తీయడానికి ఆమె స్వయంగా ఎర్రనీళ్లు కలిపేది. ఎర్రబడటం చూసి పారాణి పెట్టినట్టుందని సంతోషించి ఉంటుంది కూడా. నాకు ఒళ్లు మండిపోతోంది. ఆకలేస్తున్నా ఆమె కట్టిచ్చిన మూట విప్పలేదు. ఆమె మీద కోపంతోనే విప్పలేదు.

ఆఫీసరుగారు వచ్చి, భోజనం చేసి, తాంబూలం పళ్లెం ముందు పెట్టుకుని కూర్చున్నాక నన్ను పిలిచారు. యాభై ఏళ్ల మనిషి, పలచటి జుట్టు, నెమ్మది మాట. పత్రం ఎత్తి చూసి, "దిద్దిన కాగితానికి నకలు సరిగానే ఉందని నేను సంతకం పెడితే నా ఉద్యోగం ఏమవుతుందో తెలుసా?" అన్నారు. మా నాయనమ్మ సంగతి చెప్పాను. తాంబూలం సంగతి చెప్పాను. పసుపుకు సున్నం తగిలితే ఎర్రబడుతుందండీ అన్నాను.

"అది నాకూ తెలుసునయ్యా. పెళ్లి చేసుకున్నవాణ్ణే. కాని ఇది అదేనని రుజువేమిటి?"

అప్పుడు ఆయన తాంబూలం పళ్లెంలో ఉన్న సున్నపుకాయ మీద నా చూపు పడింది. "అయ్యగారూ, ఆ సున్నం కొంచెం ఇప్పిస్తారా?" అన్నాను. ఆయన ఒక క్షణం నా ముఖంలోకి చూసి కాయ ముందుకు జరిపారు. వేలి చివర తడి సున్నం తీసుకుని, పత్రం పైన ఎడమ మూల, ఏ రాతా లేనిచోట, పచ్చగా ఉన్న పసుపు మీద రాశాను. మూల చూస్తుండగానే ఎర్రబడింది. కింది మూల రంగే, తేడా లేదు. ఆఫీసరుగారు పత్రం కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, రెండు మూలలూ వెలుతురుకు పెట్టి చూశారు. ఎరుపు కింద సిరా అంకె చెక్కుచెదరకుండా ఉంది. వసారాలో నుంచి గుమాస్తా కూడా మెడ చాపి చూస్తున్నాడు.

"ఏం చదవబోతున్నావన్నావు?"

"కెమిస్ట్రీ అండీ."

"సున్నం ఎక్కడిదో తెలుసా? మీ పిడుగురాళ్లదే" అని కలం తీసి నకళ్లన్నిటి మీదా సంతకం పెట్టి, ముద్ర వేయించారు. నేను దణ్ణం పెట్టి కదులుతుంటే మళ్లీ పిలిచారు. ముఖంలో నవ్వు ఉంది. "మీ నాయనమ్మగారికి నా మాటగా చెప్పు. ఇకమీదట పసుపు నకళ్లకు పెట్టమను, అసలుకు వద్దు. నకళ్లు పోతే నేను మళ్లీ సంతకం పెడతాను" అన్నారు.

పోస్టాఫీసుకు పరుగెత్తాను. రిజిస్ట్రేషను మూసేశారు. తపాలా సంచీ స్టేషనుకు వెళ్లిపోయింది. పోస్టుమాస్టరు నా ముఖం చూసి జాలిపడి, ఆలస్యపు రుసుముకు ఇంకో స్టాంపు అంటించి రైల్లో ఉండే తపాలా పెట్టెలో వేసుకోమన్నాడు. రిజిస్టరు కాదు, రసీదు రాదు, చేరితే చేరినట్టు. అలాగే చేశాను. నేను ఎక్కిన రైల్లోనే నా దరఖాస్తు కూడా ఎక్కింది. నేను పిడుగురాళ్లలో దిగాను, అది గుంటూరు వైపు పోయింది. చేతిలో రసీదు లేకుండా స్టేషను నుంచి ఇంటికి నడుస్తుంటే, దసరా నాటికి నేను బట్టీ దగ్గరే ఉంటానని నాకు గట్టిగా అనిపించింది.

నాయనమ్మ గుమ్మంలోనే ఉంది. ముందు నా చేతిలో విప్పని మూట చూసింది. "అన్నం తినలేదేందిరా? ఏమైంది? దొరగారు నా పసుపు చూసి ఏమన్నాడు?" అంది. ఆమె నవ్వుతూనే అడిగింది. నాకు పొద్దుటి నుంచి ఉన్నదంతా ఒక్కసారి పైకి వచ్చింది. "నీ పసుపే నా కొంప ముంచింది. నిన్నెవరు ముట్టుకోమన్నారు? అక్షరం ముక్క రాని చేతులతో నా కాగితాలు ముట్టుకోమాక ఇంకెప్పుడూ!" అని అరిచాను. వీధిలో పోయేవాళ్లు ఆగి చూశారు. మా నాయన అరుగు మీద ఆముదం చేతులతో కూర్చుని ఉన్నాడు. నాయనమ్మ తన కుడి చెయ్యి ఒకసారి తిప్పి చూసుకుని, కొంగుతో వేలు తుడుచుకుని, మూట తీసుకుని లోపలికి వెళ్లింది. ఆ రొట్టె తనే తిన్నదని తరువాత అమ్మ చెప్పింది.

ఆ తరువాత ఐదారు వారాలు ఏ కబురూ లేదు. ఆమె నాతో మామూలుగానే ఉంది. వేళకు అన్నం పెట్టింది, తలకు నూనె రాసింది, నా నోటి దురుసు మీద వేళాకోళం ఆడింది. అందుకని నేను ఆ సంగతి అయిపోయిందనుకున్నాను. వయసు అలాంటిది, అవతలివాళ్లు ఏడవకపోతే తగల్లేదనుకుంటాము. ఒక మధ్యాహ్నం పోస్టు మనిషి వాల్తేరు నుంచి కార్డు తెచ్చాడు. సీటు వచ్చింది. మాస్టారు వచ్చి చదివాడు, మా నాయన రెండుసార్లు చదివించుకున్నాడు. నేను పొంగిపోయి కార్డు తీసుకెళ్లి వంటింట్లో నాయనమ్మ ఒళ్లో పెట్టి, "పసుపు పెట్టవే" అన్నాను. ఆమె రెండు చేతులూ వెనక్కి తీసుకుంది. కోపం లేదు, నిష్ఠూరం లేదు. "నా చెయ్యి కాగితాలకు పనికిరాదులేరా. మీ అమ్మను పెట్టమను" అంది. నేను సరదాకు అంటోందనుకున్నాను. నవ్వేసి, కార్డు తీసుకుని, అమ్మకు చెప్పడం కూడా మరిచి స్నేహితులకు చూపించడానికి పోయాను.

ఆమె ఆ తరువాత పదకొండేళ్లు బతికింది. ఆ పదకొండేళ్లలో మా ఇంటి నుంచి కాగితాలు చాలా పోయాయి, చాలా వచ్చాయి. చెల్లెలి శుభలేఖలు, నా ఉద్యోగం ఆర్డరు, నా పెళ్లి శుభలేఖలు. దేనికీ ఆమె పసుపు పెట్టలేదు. గిన్నెలో పసుపు తడిపి మా అమ్మ ముందు పెట్టి, తను పక్కన కూర్చుని ఆకు వక్క వేసుకునేది. నేను కాలేజీలో పాఠాలు చెప్పిన ముప్ఫై ఏళ్లూ, ప్రతి ఏడాది మొదటి క్లాసులో పసుపు పూసిన కాగితం మీద సున్నం చుక్క పెట్టి చూపించేవాణ్ణి. పిల్లలు ఆశ్చర్యపోయేవాళ్లు. ఇది ఎక్కడ నేర్చుకున్నారు సార్ అని ఒకడు అడిగితే, వాల్తేరులో అని చెప్పాను. అది అబద్ధమని నాకు తెలుసు. ఆమెతో ఒక్కసారి తప్పయిందే అని అంటే సరిపోయేది. రేపు అందామనుకున్న రోజులు ఉన్నాయి. అనలేదు, ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది.

రేకు పెట్టెలో మార్కుల పత్రం ఉంది. నాలుగు మూలలూ ఇప్పుడు ఒకే గోధుమరంగు. ఎరుపూ పోయింది, పసుపూ పోయింది. ఆమె పెట్టినది ఏ మూలో, నేను సున్నం రాసింది ఏ మూలో, ఉన్న చోటును బట్టి నాకు తెలుసు గాని రంగును బట్టి ఎవరూ చెప్పలేరు. దాని కింద వాల్తేరు కార్డు ఉంది. దాని మూలలు నాలుగూ తెల్లగా ఉన్నాయి.

సుజాత ఇవన్నీ చూసి, తన బ్యాగులోని ఫైలు తీసి నాకు చూపించింది. సీట్ల కేటాయింపుకు వెళ్లేటప్పుడు అసలు పత్రాలు తీసుకెళ్లాలట. వాటి మూలలు పచ్చగా ఉన్నాయి. "చూడు తాతయ్యా, మా అమ్మ చేసిన పని. నిన్న దీని మీద పెద్ద గొడవయింది. లామినేషను చేయించాల్సినవి పాడు చేసింది" అంది. ఏమన్నావమ్మా అని అడిగాను. ఫైలు మూసి, "బుద్ధుందా అన్నాను. అప్పటి నుంచి ఫోను చేయలేదు" అంది. ఇప్పుడే చెయ్యమన్నాను. తరువాత చేస్తాలే అంది. కుదరదు, ఇప్పుడే అన్నాను. నా గొంతు విని భయపడి నంబరు నొక్కి, ఫోను నాకే ఇచ్చింది.

అవతల సుజాత వాళ్లమ్మ ముక్తసరిగా పలికింది. నేను చెప్పాను. "అమ్మాయ్, గురజాలలో ఒక దొరగారు నీకు కబురు చెప్పమన్నారు. ఇకమీదట పసుపు నకళ్లకు పెట్టాలట, అసలుకు వద్దట. నకళ్లు పోతే ఆయన మళ్లీ సంతకం పెడతారట." ఆ అమ్మాయికి ఏమర్థమైందో ఏమో, ముందు "ఏంది మామయ్యా?" అని, తరువాత పకపకా నవ్వింది. పక్కన సుజాత కూడా నవ్వింది. మా నాయనమ్మ కూడా ఇలాగే నవ్వి ఉండేది. ఆ సాయంత్రం గుమ్మంలో నేను ఆమెతో చెప్పాల్సింది ఆ ఒక్క మాటే.